ఆరు చక్రాలతో కొండెక్కిన కార్లు



ఆరు చక్రాల రేసు కారు అనగానే మోటారు పందేలు ఎరిగినవాళ్ల కళ్ల ముందు ఒకే కారు మెదులుతుంది. నీలం రంగు ఒళ్లు, ముందు నాలుగు బుల్లి చక్రాలు, వెనక రెండు భారీ చక్రాలు. అదే టిరెల్ పీ34. 1976 జూన్ 13న స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్ ట్రాక్ మీద ఆ కారుతో జోడీ షెక్టర్ మొదటి స్థానంలో, అలాంటి కారులోనే పాట్రిక్ డెపైయే రెండో స్థానంలో నిలిచారు. ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ చరిత్రలో ఆరు చక్రాల కారు నెగ్గిన రోజు అదొక్కటే.

మూడేళ్ల తర్వాత, 1979 మే నెలలో, ఇంగ్లండ్ నైరుతి మూల డెవన్ పల్లెల మధ్య విస్కోంబ్ పార్క్ అనే ఎస్టేటులో మరో ఆరు చక్రాల కారు గెలిచింది. నడిపినవాడు రాయ్ లేన్. ఈ కారులో చక్రాల వరస తిరగబడింది: ముందు రెండు, వెనక నాలుగు. టిరెల్‌కు దక్కిన పేరులో పదో వంతు కూడా దానికి దక్కలేదు. కానీ కారుకు ఆరు చక్రాలు ఎందుకు, ఎక్కడ పనికొస్తాయి అని అడిగితే, స్వీడన్ ట్రాక్ కంటే ఆ డెవన్ కొండదారే సూటిగా జవాబు చెబుతుంది.

ముందుగా ఈ పందెం తీరు తెలియాలి. హిల్ క్లైంబ్ అంటే కొండెక్కే పందెం. ఒకేసారి పది కార్లు దూసుకుపోవడం, ఒకదాన్నొకటి ఒరుసుకోవడం ఇందులో ఉండవు. ఒక్కో కారు ఒంటరిగా బయల్దేరుతుంది. పోటీ గడియారంతోనే. నిలబడ్డ చోటి నుంచి కదిలి, కొండ మీది గీత దాటేసరికి ఎన్ని సెకన్లు పట్టిందన్నదే లెక్క. బ్రిటన్‌లో ఈ దారులు చాలా పొట్టివి, ఇరుకైనవి. చాలామటుకు ఎవరో జమీందారు తోటలోని బాటలే. ఉస్టర్‌షర్‌లోని షెల్స్‌లీ వాల్ష్ వీటన్నిటికీ పెద్దన్న. మిడ్‌ల్యాండ్ ఆటోమొబైల్ క్లబ్ 1905 ఆగస్టులో అక్కడ మొదటి పందెం పెట్టింది. నాటి దారి మీదే నేటికీ పందేలు జరుగుతున్నాయి. పొడవు 1000 గజాలు, అంటే 914 మీటర్లు. ఆ కాస్త దూరంలోనే దారి దాదాపు 100 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. 1905లో మొదటి రోజు రికార్డు 77.6 సెకన్లు. నేటి కార్లు అదే కొండను 23 సెకన్ల లోపే ఎక్కేస్తున్నాయి.

ఇంత పొట్టి పందెంలో పోయిన అర సెకను మళ్లీ చేతికి రాదు. ట్రాక్ మీద రెండు గంటల పందెంలో బయల్దేరేటప్పుడు కాస్త తడబడ్డా సర్దుకోవడానికి యాభై, అరవై ల్యాపులు ఉంటాయి. కొండ మీద ఆ వెసులుబాటు లేదు. పైగా టైర్లు చల్లగా ఉంటాయి. వేడెక్కి రోడ్డును గట్టిగా పట్టుకునేసరికి పందెమే ముగిసిపోతుంది. నిలబడిన చోట కూడా ఏటవాలే. కారు వెనక్కి జారకుండా ఒక మనిషి వెనక చక్రం కింద చెక్క అడ్డు పెట్టి పట్టుకుంటాడు. పచ్చ దీపం వెలిగాక డ్రైవరు తనకు వీలైన క్షణంలో క్లచ్చు వదులుతాడు. కారు కదిలి, దారికి అడ్డంగా ఉన్న కాంతి కిరణాన్ని తెంచినప్పుడే గడియారం మొదలవుతుంది. మొదటి 64 అడుగులు ఎంతసేపట్లో దాటిందో విడిగా కొలిచి చెబుతారు. ఇంజన్ బలమంతా రోడ్డుకు అందిందా, లేక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి రబ్బరు కాల్చుకున్నాయా అన్నది ఆ ఒక్క అంకెలో తేలిపోతుంది. డ్రైవర్లు ఆ అంకె కోసం చెవులు రిక్కించి వినడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అందుకే కొండెక్కేవాళ్లకు మొదటి నుంచీ ఒకటే బెంగ: పట్టు. ఇంజన్ బలం పెంచడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. ఆ బలాన్ని నేలకు దించడమే కష్టం. 1920ల చివరికి సూపర్‌చార్జర్ బిగించిన ఇంజన్లు వచ్చేశాయి. టైర్లు మాత్రం సన్నగానే ఉండిపోయాయి. క్లచ్చు వదిలితే చాలు, వెనక చక్రాలు జారిపోయేవి. దీనికి దొరికిన విరుగుడు మన లారీల వెనక రోజూ కనబడేదే. ఇరుసుకు అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు టైర్లు. ముందు రెండింటితో కలిపితే ఆరు. లారీకి అది బరువు మోయడానికి, ఈ కార్లకు జారకుండా ఉండడానికి.

ఈ జంట టైర్లను కొండ మీద బాగా వాడుకున్నవాళ్లలో రేమండ్ మేస్ ముందుంటాడు. లింకన్‌షర్‌లోని బోర్న్ అనే చిన్న ఊరు ఆయనది. సొగసుగా దుస్తులు వేసుకుని, కారునూ అంతే సొగసుగా నడిపే మనిషి. 1930లలో అదే ఊళ్లో మిత్రులతో కలిసి ఈఆర్ఏ అనే రేసు కార్ల సంస్థ పెట్టాడు. 1935లో ఈఆర్ఏ కారుతోనే షెల్స్‌లీ కొండను 40 సెకన్ల లోపు ఎక్కిన మొదటివాడయ్యాడు. నాలుగేళ్ల తర్వాత దాన్ని 37.37 సెకన్లకు దించాడు.

బలం ఒక్కటే చాలదనడానికి షెల్స్‌లీలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. జర్మనీకి చెందిన హాన్స్ స్టుక్ 1930లో ఆస్ట్రో డైమ్లర్ కారుతో వచ్చి 42.8 సెకన్లలో కొండెక్కి రికార్డు పట్టుకుపోయాడు. ఆరేళ్ల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన వెనక ఉన్నది 16 సిలిండర్ల ఆటో యూనియన్. ఐరోపాను గడగడలాడించిన యంత్రం. ఆ రోజు వాన పడింది. అంత బలం తడి రోడ్డు మీద ఎందుకూ కొరగాలేదు. పాత కారు కంటే సరిగ్గా ఆరు సెకన్లు ఎక్కువ పట్టింది: 48.8. ఆటో యూనియన్ ఇంజనీర్లు కొండ పందేల కోసం వెనక జంట టైర్లు తొడిగిన కార్లు కూడా తయారుచేశారు. 1939 నాటి అలాంటి కారు నమూనా ఇప్పటికీ ఆడీ సంస్థ సంగ్రహంలో కనిపిస్తుంది.

యుద్ధం తర్వాత 1947లో బ్రిటిష్ హిల్ క్లైంబ్ చాంపియన్‌షిప్ మొదలైంది. మొదటి రెండేళ్లూ టైటిల్ మేస్‌దే, అదే ఈఆర్ఏ కారుతో. 1949లో సిడ్నీ ఆలార్డ్ నెగ్గాడు. గాలితో చల్లబడే స్టయర్ ఇంజన్‌ను తన సొంత కారులో బిగించుకున్న మొండిఘటం ఆయన. 1950లో డెనిస్ పూర్, యుద్ధానికి ముందునాటి ఆల్ఫా రోమియోతో గెలిచాడు. ఈ ముగ్గురి కార్లూ వెనక జంట టైర్లు వేసుకుని కొండెక్కినవే. అంటే చాంపియన్‌షిప్ తొలి నాలుగేళ్లూ ఆరు టైర్ల కార్లవేనన్నమాట. టిరెల్‌ను చూసి ప్రపంచం నోరు తెరిచిన 1976కి పాతికేళ్ల ముందే, ఈ కొండల మీద ఆరు టైర్లు ఎవరూ వింతగా చూడని సంగతి.

ఆ తర్వాత జంట టైర్లు వెనకబడ్డాయి. కారణం టైరు కాదు, ఇంజన్ ఉన్న చోటు. ఇంజన్‌ను డ్రైవరు వెనక పెట్టిన చిన్న చిన్న కూపర్ కార్లు వచ్చాయి. బరువంతా వెనక చక్రాల మీదే పడటంతో అవి సహజంగానే నేలను అదిమి పట్టుకునేవి. 1951 నుంచి వరసగా నాలుగేళ్లు టైటిల్ కొట్టిన కెన్ వార్టన్, ఆ తర్వాత మూడేళ్లు కొట్టిన టోనీ మార్ష్ ఈ కూపర్ల సత్తా చూపించారు. 1960లలో వెడల్పాటి టైర్లు కూడా వచ్చాక, రెండు సన్నటి టైర్లు పక్కపక్కన బిగించాల్సిన పనే లేకపోయింది.

పట్టు కోసం వెతుకులాట మాత్రం ఆగలేదు. ఈసారి నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పంపే కార్లు రంగంలోకి దిగాయి. ఇక్కడొక తమాషా ఉంది. ఆ కార్లలో పేరున్నవి ట్రాక్ పందేల కోసం పుట్టినవి. అక్కడ బరువెక్కువని, మెలికలెక్కువని పక్కన పెడితే కొండల మీదికి వచ్చి రాజ్యమేలాయి. మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు ఎరిగిన రైతులకు హ్యారీ ఫెర్గూసన్ పేరు కొత్త కాదు. ఆయన సంస్థ తయారుచేసిన ఫెర్గూసన్ పీ99 కారును 1961లో ఔల్టన్ పార్క్‌లో స్టర్లింగ్ మాస్ గెలిపించాడు. నాలుగు చక్రాల డ్రైవుతో ఫార్ములా వన్ పందెం నెగ్గిన కారు అదొక్కటే, అదీ చాంపియన్‌షిప్‌లో లెక్కకు రాని పందెం. ఆ కారే 1964లో పీటర్ వెస్ట్‌బరీ చేతిలో బ్రిటిష్ కొండ చాంపియన్ అయింది. రేమండ్ మేస్ స్థాపించిన మరో సంస్థ బీఆర్ఎం. అది 1964లో పీ67 అనే నాలుగు చక్రాల డ్రైవు కారును బ్రిటిష్ గ్రాండ్ ప్రీ ప్రాక్టీసు దాకా తెచ్చి వెనక్కి తీసేసుకుంది. నాలుగేళ్ల తర్వాత పీటర్ లాసన్ దాన్నే నడిపి కొండ టైటిల్ పట్టుకుపోయాడు. డేవిడ్ హెప్‌వర్త్ అయితే సొంతంగా అలాంటి కారు కట్టుకుని 1969లోనూ, 1971లోనూ చాంపియన్ అయ్యాడు. ట్రాక్ కాదన్న ఆలోచనను కొండ కళ్లకద్దుకోవడం అలా ఆనవాయితీ అయింది. విస్కోంబ్‌లో గెలిచిన, మార్చ్ అనే సంస్థవాళ్ల వెనక నాలుగు చక్రాల కారు కూడా ఇదే దారిన వచ్చింది.

ఇప్పుడు టిరెల్ దగ్గరికి ఒక్కసారి వెళ్లి రావాలి. ఎందుకంటే మార్చ్ కారు దానికి జవాబుగా పుట్టింది. డెరెక్ గార్డ్‌నర్ గీసిన పీ34లో ముందు చక్రాలను పది అంగుళాలకు కుదించి, కారు ముక్కు వెనక దాచారు. గాలి వాటిని నేరుగా తాకదు. ముందు నాలుగు చక్రాలుంటే బ్రేకులూ నాలుగు, మలుపులో నేలను తాకే రబ్బరూ ఎక్కువ. డ్రైవరు కూర్చున్నచోటి నుంచి ఆ బుల్లి చక్రాలు కనబడవు కాబట్టి పక్కన చిన్న కిటికీలు పెట్టారు. ఆలోచన బాగుంది. కానీ వెనక ఉన్న రెండు పెద్ద టైర్లు గాలిని అడ్డుకుంటూనే ఉన్నాయి. అసలు చిక్కు టైర్ల సంస్థ గుడ్‌ఇయర్ దగ్గర వచ్చింది. మిగతా జట్లన్నిటి టైర్లూ ఏడాదికేడాది మెరుగవుతుంటే, ఒక్క జట్టు కోసం చేసే పది అంగుళాల టైరు వెనకబడిపోయింది. 1977 సీజను ముగిసేసరికి టిరెల్ ఆ కారును వదిలేసింది. దోషం కారుది కాదు, టైరుదేననడానికి చాలా ఏళ్ల తర్వాత సాక్ష్యం దొరికింది. ఏవన్ సంస్థ ఆ కొలతకు మంచి టైర్లు చేసిపెట్టాక, 2000లో మార్టిన్ స్ట్రెటన్ పీ34తోనే పాత కార్ల అంతర్జాతీయ చాంపియన్‌షిప్ గెలిచాడు.

అంత పేరున్న పీ34 కొండెక్కే పందేనికి మాత్రం పెద్దగా అక్కరకు రాదు. కొండ మీద అందరి గోడూ వెనక చక్రాల గురించే. టిరెల్ ఆ వెనక చక్రాలనే ముట్టుకోలేదు.

మార్చ్ సంస్థలో కార్లు గీసే రాబిన్ హెర్డ్ సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు. కారును గాలి అడ్డుకోవడంలో పెద్ద వాటా వెనకనున్న భారీ టైర్లదే. వాటిని తీసేసి, ముందు చక్రాలంతే ఉన్న నాలుగు చక్రాలను వెనక రెండు ఇరుసుల మీద, ఒకదాని వెనక ఒకటిగా పెడితే? గాలి అడ్డు తగ్గుతుంది. వెనక రెక్కకు గాలి శుభ్రంగా అందుతుంది. నాలుగు చక్రాలూ నేలను తోస్తాయి. ఆరు చక్రాలకూ ఒకే కొలత టైరు, అదీ గుడ్‌ఇయర్ అందరి ముందు చక్రాలకూ ఇస్తున్నదే. కాబట్టి టిరెల్‌ను దెబ్బతీసిన చిక్కు ఇక్కడ పుట్టనే పుట్టదు. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన ఆరు చక్రాల పథకం మరొకటి కనబడదు. ఆవిరి రైలింజన్ల చక్రాల లెక్క పద్ధతిలో దానికి 2-4-0 అని పేరు పెట్టారు: ముందు రెండు, తోసేవి నాలుగు, వెనక ఖాళీ.

వెనక రెండు ఇరుసులూ తిప్పడమనేది పూర్తిగా కొత్తేమీ కాదు. 1948లోనే అమెరికాలో పాట్ క్లాన్సీ స్పెషల్ అనే ఆరు చక్రాల కారు ఇండియానాపోలిస్ 500 పందెంలో పరుగెత్తింది. బిల్లీ డెవోర్ దాన్ని 12వ స్థానంలో నిలిపాడు.

ఆలోచనకు తగ్గ డబ్బు మార్చ్ దగ్గర లేదు. అదే కొంప ముంచింది. రెండు ఇరుసులకూ బలం పంచాలంటే గేర్‌బాక్సు వెనక మరో వరస పళ్ల చక్రాలు, వాటిని మోసే గట్టి పెట్టె కావాలి. మామూలు గేర్‌బాక్సు పెట్టెనే తక్కువ ఖర్చులో పొడిగించారు. 1976 చివర సిల్వర్‌స్టోన్‌లో పరీక్షకు దింపితే ఆ పెట్టె వంగింది. పెట్టె వంగితే లోపల పళ్లు ఒకదానితో ఒకటి సరిగా కలవవు. దాంతో మొదట ఒక్క ఇరుసుకే బలం ఇచ్చి కారును తిప్పారు. అప్పుడు నడిపినవాడు హౌడెన్ గాన్లీ. గేర్‌బాక్సును కొంత గట్టిపరిచాక 1977 ఆరంభంలో జోడీ షెక్టర్ అన్న ఇయన్ షెక్టర్ తడి ట్రాక్ మీద నడిపి, పట్టు అద్భుతంగా ఉందని తేల్చాడు. మార్చ్ యజమానుల్లో ఒకడైన మాక్స్ మోస్లే దగ్గర మాత్రం దాన్ని పందెం దాకా తీసుకెళ్లే నిధులు లేవు. 2-4-0 ఒక్క గ్రాండ్ ప్రీలో కూడా దిగలేదు. విచిత్రమేమిటంటే స్కేలెక్స్‌ట్రిక్ బొమ్మల సంస్థ దాని బుల్లి నమూనా చేసి అమ్మితే పిల్లలు ఎగబడి కొన్నారు. అసలు కారు పందెం చూడకపోయినా బొమ్మ కారు ఇళ్లలో వేల పందేలు ఆడి ఉంటుంది.

రాయ్ లేన్ ఇక్కడ మళ్లీ కథలోకి వస్తాడు. అప్పటికే 1975, 1976 సంవత్సరాల బ్రిటిష్ కొండ చాంపియన్. చేతికి నూనె మరకలు అంటని డ్రైవరు కాడు. కారును విప్పడం, కొత్తది తగిలించి చూడటం ఆయనకు సరదా. మార్చ్ 771 అనే ఫార్ములా వన్ కారుకు 2-4-0 వెనక భాగం బిగించి 1979 సీజనుకు దింపాడు. ట్రాక్ మీద గంటన్నర బతకాల్సిన గేర్‌బాక్సుకూ, కొండ మీద అర నిమిషం బతికితే చాలనుకునే గేర్‌బాక్సుకూ తేడా ఉంది. సిల్వర్‌స్టోన్‌లో చేతులెత్తేసిన ఏర్పాటు కొండ మీద పనికొచ్చింది. క్లచ్చు వదలగానే నాలుగు వెడల్పాటి చక్రాలు నేలను తోస్తుంటే కారు జారకుండా ముందుకు దూకేది. ఆ ఏడాది లేన్ ఆ కారుతో పలు పందేలు గెలిచాడు. వాటిలో చెప్పుకోదగ్గది విస్కోంబ్ పార్క్ విజయం.

అయినా లేన్ దాన్ని అట్టే కాలం ఉంచలేదు. మళ్లీ నాలుగు చక్రాలకే మార్చేశాడు. కారణం ఊహించడం కష్టం కాదు. రెండు వెనక ఇరుసులున్న కారు మలుపు తిరగాలంటే, స్టీరింగుకు లొంగని నాలుగు చక్రాలు నేరుగానే పోదామని మొరాయిస్తాయి. ముందున్న రెండు చక్రాలూ వాటితో పెనుగులాడాలి. విశాలమైన సిల్వర్‌స్టోన్ మలుపుల్లో అది అంతగా తెలియదు. విస్కోంబ్‌లో సాబెంచ్ అనే మలుపు ఉంది, కారు దాదాపు వెనక్కి తిరిగినట్టే తిరగాలి. అలాంటి చోట పొడుగాటి వెనక భాగాన్ని ఈడ్చుకుపోవడం ఎంత తిప్పలో చూసేవాళ్లకే తెలిసిపోతుంది. దానికి తోడు అదనపు ఇరుసు, పళ్ల చక్రాలు, చక్రాల బరువు. కొండెక్కేటప్పుడు మోసే ప్రతి కిలో పైకి ఎత్తాల్సిందే. బయల్దేరేటప్పుడు సంపాదించిన పదో వంతు సెకన్లను మలుపులు, బరువు కలిసి మెల్లగా మింగేస్తాయి. నేల తడిగా ఉంటే లాభం, పొడిగా ఉంటే నష్టం. సీజనంతా వాన పడుతుందని ఇంగ్లండ్‌లో కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు కదా.

ఫార్ములా వన్‌లో ఆ ఆలోచనను మరోసారి పట్టుకున్నది విలియమ్స్ జట్టు. ప్యాట్రిక్ హెడ్ బృందం వెనక నాలుగు చక్రాల కారును కట్టి 1981 చివర డోనింగ్టన్‌లో ఆలన్ జోన్స్‌తో నడిపించింది. 1982లో దాన్నే ఎఫ్‌డబ్ల్యూ08బీ పేరుతో మెరుగుపరిచింది. ఈసారి డబ్బుకూ, పనితనానికీ లోటు లేదు. సన్నటి వెనక చక్రాల వల్ల కారు అడుగున గాలి సాగే సొరంగాలను మరింత వెనక్కి పొడిగించారు. దాంతో నేలకు అదిమే బలం పెరిగింది. ఎదుటి జట్లకు దడ పుట్టించే కారే. కానీ అది పందెంలో దిగక ముందే 1983 నిబంధనలు వచ్చిపడ్డాయి: నాలుగు చక్రాలకు మించి ఉండకూడదు, వాటిలో రెంటికే ఇంజన్ బలం ఇవ్వాలి.

ట్రాక్ మీద తలుపు మూసుకున్న ఆ విలియమ్స్ కారు కూడా కొండెక్కింది, కాకపోతే పదేళ్లు పైబడ్డాక. ససెక్స్‌లోని గుడ్‌వుడ్ ఎస్టేటులో 1993 నుంచి దాదాపు ఏటా ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్ జరుగుతోంది. జమీందారు కుటుంబపు భవనం ముందు నుంచి 1.16 మైళ్ల దారిలో కార్లు పైకి పోతాయి. 1990ల నడుమ ఆ దారిలో ఎఫ్‌డబ్ల్యూ08బీని జోనథన్ పామర్ నడిపాడు. వైద్యం చదివి, కొన్నాళ్లు డాక్టరుగా పనిచేసి రేసు డ్రైవరైన మనిషి. 1982లో ఆ కారును పరీక్షించినవాళ్లలో ఆయన కూడా ఒకడు.

ఇక రాయ్ లేన్ కొండలను వదల్లేదు. 1992లోనూ, 1996లోనూ మళ్లీ బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఆ రెండుసార్లూ ఆయన నడిపినవి నాలుగు చక్రాల పిల్‌బీమ్ కార్లు. వాటిని తయారుచేసిన మైక్ పిల్‌బీమ్ ఒకప్పుడు బీఆర్ఎంలో పనిచేసిన ఇంజనీరు. ఆయన వర్క్‌షాపు కూడా రేమండ్ మేస్ ఊరు బోర్న్‌లోనే ఉండేది.